రీల్ పెట్టే ముందు ఈ ఉత్తరం చదువు

నాన్నా,

ఆదివారం సాయంత్రం విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర నిలబడి వయొలిన్ వాయిస్తానని, "నన్ను కన్నవాళ్లు ఇది వింటే ఫోన్ చెయ్యండి" అని రీల్ పెడతానని మొన్న చెప్పావు. న్యూయార్క్ పార్కులో వినిపించే పదకొండేళ్ల పిల్లాడి సంగీతం వెంట అమ్మా నాన్నా నడిచొచ్చే ఆ 'ఆగస్ట్ రష్' సినిమా చూసినప్పటి నుంచి నీకు నిద్ర పట్టడం లేదని నాకు తెలుసు. నేనూ ఏడ్చాను. గిటారు తీగల్ని వాడు అరచేతుల్తో కొట్టి వాయించే చోట మరీను. కానీ ఆ రీల్ మాత్రం పెట్టకు.

మా అమ్మాయినీ మేం దత్తత తెచ్చుకున్నామని నీకు తెలుసుగా. కాలేజీలో ఉండగా తనూ ఫొటో, పుట్టినతేదీ, ఫోన్ నంబరు కలిపి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పింది. పది రోజుల్లో నలుగురు 'అమ్మలు' ఫోన్ చేశారు. ఒకావిడ ఆపరేషన్‌కి డబ్బులంటే, పిచ్చిపిల్ల, ట్యూషన్లు చెప్పి దాచుకున్నదంతా పంపేసింది. డబ్బు పోతే పోయింది. రెండు నెలలపాటు ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేది.

ఇంకోటి కూడా ఆలోచించు. నిన్ను కన్న ఆవిడ ఇప్పుడు ఏ ఇంట్లో ఉందో, ఆ ఇంట్లోవాళ్లకి నీ సంగతి తెలుసో లేదో. నీ రీల్ ఆవిడకంటే ముందు పక్కింటివాళ్లు చూస్తే?

దీనికి పద్ధతైన దారి ఉంది. రూట్ సెర్చ్ అంటారు, అంటే దత్తత వెళ్లినవాళ్లు తమ పుట్టుక వివరాలు వెతుక్కోవడం. 2022 దత్తత నియమాల్లో ఉంది. 18 నిండినవాళ్లు సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, నీకు 19. నిన్ను దత్తత ఇచ్చిన సంస్థకి గానీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి గానీ, ఢిల్లీలో దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారాకి గానీ రాయాలి. నీ తరఫున ఇంకొకరు వెళ్లి అడిగితే ఇవ్వరు. "ఇంత ఇస్తే నేను తెప్పిస్తా" అనే మనిషి తగిలితే దణ్ణం పెట్టి వచ్చెయ్. అప్పగించేటప్పుడు తన పేరు బయటపెట్టొద్దని నిన్ను కన్న ఆవిడ కోరి ఉంటే, ఇప్పుడు ఆవిడ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే నీకు చెబుతారు. కాదన్నా, ఆచూకీ దొరక్కపోయినా, ఏ పరిస్థితుల్లో ఇచ్చారో అదైనా చెబుతారు. ఎక్కడో దొరికిన బిడ్డవైతే ఫైల్లో తల్లి పేరే ఉండకపోవచ్చు. మనసు దిటవు చేసుకుని వెళ్లు.

మా అమ్మాయి ఫైలు అలాంటిదే. దొరికిన తేదీ, బరువు 2.1 కిలోలు, ఒంటిమీద ఉన్నవి. పసుపురంగు నూలుచీర ముక్క. ఎడమచేతికి నల్లదారంతో కట్టిన వసకొమ్ము. అంతే. ఆ జిరాక్స్ కాగితం ఒళ్లో పెట్టుకుని "దిష్టి తగలకుండా కట్టిందమ్మా" అంది. ఆ రాత్రంతా అదొక్క మాటే.

దరఖాస్తుకి ముందు మీ అమ్మకి చెప్పు. చాటుగా చెయ్యకు, తర్వాత తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు. ఎలా మొదలుపెట్టాలని టెన్షన్ పడుతున్నావు కదా, దానికీ ఒక మాట చెబుతాను. చిన్నప్పటి నుంచి నీ తలలో ఒక రాగం తిరుగుతోందని, అది కన్నతల్లి పాడిందే అయ్యుంటుందని అన్నావు. నువ్వు వాయించగానే గుర్తుపట్టాను, ఆరోజు నోరు రాలేదు. ఆనందభైరవిలో నడిచే జోల అది. నీకు ఎనిమిదేళ్లప్పుడు, క్లాసు అయ్యేదాకా మీ అమ్మ మా మెట్ల మీద కూర్చునేది. తడిసిన గొడుగు పక్కన, నీ స్కూలు బ్యాగు ఒళ్లో. కూనిరాగం అదే. పల్లవి దాటాక చరణం ఎత్తుకోదు, మళ్లీ మొదటికే వస్తుంది. నువ్వూ సరిగ్గా అక్కడే వెనక్కి తిరుగుతున్నావు. చరణం ఏమిటో అడుగు. అక్కడి నుంచి మాట కలుస్తుంది.

ఇది చదివి వెతకడం మానేస్తానంటే ఒప్పుకోను. అది నీ హక్కు. అడగకుండా ఉండిపోతే నలభై ఏళ్లొచ్చినా ఆ ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది, అలాంటివాళ్లని చూశాను.

కన్నతల్లికి ఒక ఉత్తరం రాసి పెట్టుకో. అరపేజీ చాలు. ఎందుకు వదిలేశావని అడగకు. తింటున్నాను, చదువుకుంటున్నాను, వయొలిన్ వాయిస్తున్నాను అని రాయి. నీ వాయింపు ఆవిడ వినాలని ఉంది కదా, రికార్డు చేసి ఉత్తరంతో పాటు సంస్థవాళ్ల చేతికివ్వు. ఆవిడ సరేనంటే అందించమని అడుగు. ఫైలు చూడ్డానికి ఒక్కడివే వెళ్లొద్దు. మీ అమ్మ రాలేనంటే నేనొస్తాను, బయట బెంచీ మీద కూర్చుంటాను. పొద్దున్నే ఏదైనా తిని బయల్దేరు.

శనివారం ఇంటికి రా, దరఖాస్తు కలిసి రాద్దాం. వయొలిన్ కూడా పట్టుకురా. ఈ వానలకి బిరడాలు బిగుసుకుపోయి ఉంటాయి, బలంగా తిప్పకు. నేను చూస్తాను.

మీ టీచరమ్మ