జీను చూస్తే బెదిరే గుర్రం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా దగ్గర 8 ఏళ్ల ఆడగుర్రం ఉంది. పెళ్లి ఊరేగింపులకి తిప్పుతాం. మాఘమాసం ముహూర్తాల్లో వరసగా పనిచేసి నడుం పట్టేసింది. డాక్టరు గారు మందులిచ్చి రెండు నెలలు విశ్రాంతి ఇమ్మన్నారు. ఇప్పుడు నిమిరితే ఏమీ అనడం లేదు గానీ, జీను తెస్తే చాలు చెవులు వెనక్కి పెట్టి కరవడానికి వస్తోంది. ఎక్కబోతే పక్కకి జరిగిపోతోంది. మొండితనం, నాలుగు తగిలించి ఎక్కేయ్ అంటున్నారు మావాళ్లు.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: తగిలించకండి. దాని లెక్కలో జీను అంటే నొప్పి. కొడితే ఆ లెక్క నిజమేనని మనమే రుజువు చేసినట్టవుతుంది.

ముందు నొప్పి పూర్తిగా పోయిందో లేదో చూడండి. నిమరడం పరీక్ష కాదు. నొప్పి మందు ఆపి వారం దాటాక, వెన్నెముకకి రెండు పక్కలా బెత్తెడు దూరంలో, మూపు నుంచి నడుం దాకా వేళ్లతో నెమ్మదిగా నొక్కుకుంటూ వెళ్లండి. ఒకేచోట ప్రతిసారీ వీపు కిందికి దించినా, కండ బిర్రబిగిసినా, తోక విసిరినా ఇంకా నొప్పి ఉన్నట్టే. డాక్టరు గారికి మళ్లీ చూపించాలి. మందు వేసి స్వారీ చేస్తే నొప్పి తెలియక గుర్రం ఇంకా పాడు చేసుకుంటుంది.

తర్వాత జీను. చాలా ఇళ్లలో అసలు దోషి ఇదే. కింద దుప్పటి లేకుండా ఒట్టి వీపు మీద పెట్టి చూడండి. మనిషి కూర్చున్నాక కూడా మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. వెన్నెముక పొడుగునా మధ్య కాలువ మూడు నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి. జీను బరువు చివరి పక్కటెముక దాటి నడుం మీద పడకూడదు. పని అయ్యాక జీను తీస్తే, చుట్టూ చెమట పట్టి మధ్యలో పొడిగా మిగిలిన మచ్చ కనబడితే అక్కడ ఒత్తుతోందన్నమాట. ఆ చోట తెల్లవెంట్రుకలు వచ్చాయంటే ఒత్తిడి పాతదే. ఊరేగింపు జీనులు అందం కోసం చేసినవి, గుర్రం కొలత చూసి చేసినవి కావు. ఇరుకు జీను కింద ఇంకో దుప్పటి మడత వేయడం, బిగుతు బూటులో రెండో మేజోడు తొడగడం లాంటిది.

రెండు నెలలు నిలబడిపోయిన గుర్రానికి వీపు కండ తగ్గిపోయి ఉంటుంది. ఎక్కేముందు దాన్ని తిరిగి పెంచాలి. కాసేపు నడిపించి ఒళ్లు వెచ్చబడ్డాక, క్యారెట్ ముక్క చూపించి ముక్కుని రొమ్ము దగ్గరకి, ముందు మోకాళ్ల మధ్యకి, ఆపైన ఇరుపక్కలా డొక్క దగ్గరకి రప్పించండి. ఒక్కోచోట 5 సెకన్లు, ఒక్కోటి 5 సార్లు, వారానికి 5 రోజులు. లటుక్కున ముక్క లాక్కుని తల తిప్పేస్తే పని జరగదు, నిదానంగా వంగాలి. కండలో తేడా రావడానికి మూడు నెలలైనా పడుతుంది.

దాంతోపాటు సరుగుడు కర్రలు నాలుగు రెండున్నర అడుగుల దూరంలో నేలమీద పరిచి, మీది పొట్టి గుర్రమైతే కాస్త దగ్గరగా జరిపి, వాటి మీదుగా నడిపించండి. కర్ర దొర్లితే కాలు మడతపడుతుంది, అందుకే సగం మట్టిలో పాతండి. కండ పడుతుందని నాగావళి పొడి ఇసుకలోకి దింపేవాళ్లున్నారు. గిట్ట దిగబడి కాళ్ల నరాలు లాగేస్తాయి. నీటి అంచున తడిసి గట్టిపడిన ఇసుక అయితే ఫర్వాలేదు.

జీను మళ్లీ అలవాటు చేయడం వేరే పని. మొదట జీను తెచ్చి పది అడుగుల దూరంలో దించి, దాని పక్కనే ఉలవలు పెట్టండి. చెవులు మామూలుగా ఉన్నాకే దగ్గరకి. తర్వాత ఒట్టి దుప్పటి, తర్వాత పొట్టపట్టీ లేకుండా జీను. వీపు మీద దబ్బున పడేయొద్దు, ఎత్తి మెల్లగా దించాలి. పొట్టపట్టీ ఒక్కసారి లాగి బిగించకండి: ఒక బెజ్జం, పదిహేను అడుగులు నడక, ఇంకో బెజ్జం. ఆఖర్న ముందుకాళ్లు ఒక్కొక్కటి ముందుకి చాపితే పట్టీ కింద మడతపడ్డ చర్మం సాఫీ అవుతుంది. కరవబోతే దండించకుండా ఒక మెట్టు వెనక్కి వెళ్లండి.

ఎక్కేటప్పుడు నేలమీంచి రికాబులో కాలేసి వేలాడితే జీను మూపుని పక్కకి లాగుతుంది. గట్టి పీట వేసుకోండి. పీట పక్కన కదలకుండా నిలబడటం నేర్చుకున్నాక, ముందు పొట్టమీద వాలి దిగండి, తర్వాతే కూర్చోండి. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదంటారు, నొప్పి నుంచి లేచినదానికి అంతకంటే తగ్గించాలి. 300 కిలోల గుర్రానికి 45 కిలోలు చాలు. అలాగని తేలికని పిల్లాణ్ణి ఎక్కించకండి. తూలే 30 కిలోల కంటే నిలకడగా కూర్చునే 40 కిలోలు మేలు.

మొదటి వారం రోజు విడిచి రోజు, 5 నిమిషాలు, తిన్నగా నడక. వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. చిన్న మలుపులు వద్దు, నెల దాటే దాకా ట్రాట్ (నడకకి మించిన చిన్న పరుగు) వద్దు. స్వారీ మర్నాడు పొద్దున్న మళ్లీ వీపు నొక్కి చూడండి. ఈసారి ముహూర్తాలకి దీన్ని బ్యాండు మేళం ముందు పెట్టకండి, అద్దె పోతే పోయింది.

ప్రశ్న: మా గుర్రం ఎక్కగానే వీపు కుంగదీసి బిగుసుకుంటుంది, పది నిమిషాలకి సర్దుకుంటుంది. అలవాటే అనుకోవచ్చా? – విజయనగరం

జవాబు: అనుకోవద్దు. జీను కట్టి పది నిమిషాలు చేత్తో నడిపించాక ఎక్కి చూడండి. అయినా కుంగితే వెన్నుపూసల పైముళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయేమో ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది. మీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గరే, అక్కడ అడగండి.

ప్రశ్న: నడుం నొప్పికి వాత పెట్టించమంటున్నారు. – పలాస

జవాబు: వద్దే వద్దు. కండలో నొప్పి అలాగే ఉంటుంది, పైన కాలిన మచ్చ మిగులుతుంది, అదీ సరిగ్గా జీను కూర్చునేచోట.