అక్షౌహిణిలో ఔత్వం, అంకెల్లో పద్దెనిమిది

సందేహం: అక్ష + ఊహిని గుణసంధి కదా, ‘అక్షోహిణి’ అనకుండా ‘అక్షౌహిణి’ అంటారెందుకు? ఆ సేనలోని రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు, వేటి సంఖ్యలో అంకెలు కూడినా 18 వస్తోంది. భారతంలోని పద్దెనిమిదికీ దీనికీ సంబంధం ఉందా?

సమాధానం: మీరు చెప్పిన సూత్రం సరైనదే. నవ + ఊఢ ‘నవోఢ’ అయినట్లు ఇక్కడా ఓకారమే రావాలి. కాని ఈ ఒక్క మాట కోసమే సంస్కృత వ్యాకరణంలో ఒక వార్తికం (సూత్రానికి చేర్చిన అనుబంధ నియమం) ఉంది: ‘అక్షాదూహిన్యాముపసంఖ్యానమ్’. అక్ష శబ్దానికి ఊహిని పరమైతే గుణం (ఓకారం) రాదు, వృద్ధి (ఔకారం) వస్తుంది. కనుక ‘అక్షౌహిణి’యే సాధువు. ఇలాంటి వార్తికాల వల్లనే ప్ర + ఊఢ ‘ప్రౌఢ’, స్వ + ఈర ‘స్వైర’ అయ్యాయి. నవోఢలోనూ ప్రౌఢలోనూ ఉన్నది ఒకే ఊఢ. అక్కడ ఓత్వం, ఇక్కడ ఔత్వం. ‘ప్రోఢ’ అని ఎవరూ రాయరు. అక్షౌహిణి రోజూ నోట నలిగే మాట కాదు కాబట్టి దాని దగ్గరే తడబడతాం.

ఇక లెక్క. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాలిబంట్లు కలిస్తే ‘పత్తి’ అంటుంది అమరకోశం. అక్కడి నుంచి మూడేసి రెట్లు పెంచుకుంటూ పోతే సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని. సైన్యం అన్న ఒకే అర్థంలో మనం వాడేసే వాహినికీ చమువుకూ ఎంత తేడానో చూడండి: మొదటిది 81 పత్తులు, రెండోది 729! ఏడో మెట్టయిన అనీకినికి 2,187 పత్తులు. పది అనీకినులు ఒక అక్షౌహిణి. అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాలిబంట్లు, వెరసి 2,18,700. అక్షరాల్లో రాస్తే రెండు లక్షల పద్దెనిమిది వేల ఏడు వందలు. పలుకుబడిలోనూ పద్దెనిమిది దూరింది, మీకు ఇంకాస్త ముచ్చట!

అయినా ఇందులో వ్యాసుడి గూఢసంకేతం వెతకనక్కరలేదని నా అభిప్రాయం. మూడును మూడుతో హెచ్చవేస్తే తొమ్మిది. ఏడు మెట్లు ఎక్కిన సంఖ్యలో ఆ తొమ్మిది ఎలాగూ ఉంటుంది. తొమ్మిదితో నిశ్శేషంగా భాగించదగిన ఏ సంఖ్యలోనైనా అంకెల మొత్తం 9, 18, 27 వరసలోనే పడుతుంది. మీకు కనబడినవి 18 దగ్గర ఆగాయి, అంతే.

పాండవుల ఏడు అక్షౌహిణులు 15,30,900. అంకెలు కూడితే 18. కౌరవుల పదకొండు 24,05,700, అదీ 18. కురుక్షేత్రంలో చేరిన పద్దెనిమిది అక్షౌహిణులూ కలిపితే 39,36,600. ఇప్పుడు కూడండి, 27 వస్తుంది.