వాక్యూమ్ కాన్పులో లోతైన చీలికను నివారించవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 25 ఏళ్లు. తొలి కాన్పు, ఎనిమిదో నెల జరుగుతోంది. రెండేళ్ల క్రితం మా అక్కకు బిడ్డ తల కిందికి దిగి ఆగిపోతే వాక్యూమ్ (తలకు కప్పు అతికించి లాగే పరికరం) పెట్టి తీశారు. అప్పుడు మలద్వారం దాకా చీలింది. కుట్లు మానినా గ్యాస్ ఆపుకోలేక నలుగురిలో కూర్చోవడానికే వెనకాడుతోంది. అది చూసి మా అమ్మ నన్ను ముందే సిజేరియన్ చేయించుకోమంటోంది. నాకు మామూలు కాన్పే కావాలని ఉంది. పరికరం అవసరమైనా ఇలా చీలకుండా చూసుకునే మార్గం ఉందా?
ఒక సోదరి, జగిత్యాల

జవాబు: ఉందమ్మా. చీలిక అసలే రాదని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేరు. కానీ మీ అక్కయ్యకు జరిగినంత లోతైన గాయం పడే అవకాశాన్ని బాగా తగ్గించవచ్చు.

తొలి కాన్పులో చర్మం, దాని కింది కండరం కొంత చీలడం చాలామందిలో జరిగేదే, అది కుట్లతో మానిపోతుంది. మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం తెగితే దాన్ని మూడో స్థాయి అనీ, పేగు లోపలి పొర కూడా చీలితే నాలుగో స్థాయి అనీ అంటాము. భయపడవలసినవి ఈ రెండే. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ చెప్పే లెక్క ప్రకారం ఇటువంటి గాయం పరికరం లేని కాన్పుల్లో నూటికి సుమారు ముగ్గురికి, వాక్యూమ్‌తో నలుగురి వరకు, పటకారు లాంటి ఫోర్సెప్స్‌తో 8 నుంచి 12 మందికి కలుగుతుంది. తొలి కాన్పు, 4 కిలోలు దాటిన బిడ్డ, బిడ్డ ముఖం పైకి తిరిగి ఉండడం, ముక్కే దశ గంటల తరబడి సాగడం కూడా ప్రమాదాన్ని పెంచేవే. పరికరం అవసరమయ్యే కాన్పుల్లో ఇవి తరచూ కలిసే వస్తాయి కాబట్టి తప్పంతా పరికరానిదే అనుకోవడం సరికాదు.

ఇక బిడ్డ బయటికి రావడానికి వీలుగా యోనిద్వారం దగ్గర వేసే కోత సంగతి. మన దగ్గర తొలి కాన్పు అనగానే అలవాటుగా కత్తెర వేసేవారు ఇంకా ఉన్నారు. పరికరం లేకుండా జరిగే కాన్పులో అందరికీ కోత వేయడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది, నేనూ అదే పాటిస్తాను. అయితే తొలిసారి ప్రసవించే తల్లికి వాక్యూమ్ పెట్టవలసి వచ్చినప్పుడు లెక్క మారుతుంది. స్వీడన్‌లో ఎనిమిది ఆసుపత్రులు కలిసి ఇలాంటి తల్లులు 700 మందికి పైగా పాల్గొన్న పరిశోధన జరిపి 2024లో ఫలితం ప్రకటించాయి. కోత లేనివారిలో నూటికి 13 మందికి మలద్వార కండరం గాయపడగా, పక్కకు కోత వేసినవారిలో ఆ సంఖ్య 6కు తగ్గింది. ఇక్కడ కోత ఎంత ముఖ్యమో దాని దిశ అంతకన్నా ముఖ్యం. నిట్టనిలువుగా కిందికి కోస్తే అది నేరుగా మలద్వారం వైపే దారి తీస్తుంది. తల బయటకు కనిపిస్తూ చర్మం పలుచగా సాగిన క్షణంలో, నడుమ గీత నుంచి 60 డిగ్రీల కోణంలో పక్కకు వేయాలి. చూసేవారికి ఇది మరీ పక్కకు పోయినట్టు అనిపిస్తుంది కానీ, బిడ్డ పుట్టి చర్మం ముడుచుకున్నాక అదే కోత 45 డిగ్రీల దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడే 45 డిగ్రీలకు వేస్తే కుట్టే సమయానికి అది మలద్వారానికి మరీ దగ్గరగా ఉంటుంది.

కోత తర్వాత చెప్పుకోవలసింది చేతుల గురించి. వాక్యూమ్ కప్పు బిడ్డ నడినెత్తిన, వెనుక మాడుకు 3 సెంటీమీటర్ల ముందు సరిగ్గా కూర్చుంటే తల గడ్డం ఆనించుకుని తన అతి చిన్న కొలతతో బయటపడుతుంది. కప్పు పక్కకు జరిగితే పెద్ద కొలతతో వచ్చి కండరాన్ని చీలుస్తుంది. నొప్పి వచ్చినప్పుడే, మీరు ముక్కుతున్నప్పుడే లాగాలి. తల బయటపడే ఆఖరి నిమిషంలో మాత్రం లాగడం దాదాపు ఆపేస్తాము. ఒక చేయి తల వేగాన్ని అదుపు చేస్తుంది. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు యోనిద్వారానికి రెండు వైపులా చర్మాన్ని నడుమకు దగ్గర చేసి పట్టుకుంటాయి, మడిచిన మిగతా వేళ్లు కింది నుంచి ఊతమిస్తాయి. "ఇక ముక్కకమ్మా, నోరు తెరిచి ఊపిరి వదులు" అంటాము. ఆ రెండు మూడు నిమిషాల ఓర్పు ఎన్ని ఏళ్ల బాధను తప్పిస్తుందో నేను కళ్లారా చూశాను. ఇక పైనుంచి పొట్ట నొక్కడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దనే చెప్పింది. అలా చేయవద్దని ముందే అడిగే హక్కు మీకు ఉంది.

మీరు చేయగలిగినవీ ఉన్నాయి. 34 వారాలు దాటాక వారానికి మూడు నాలుగు సార్లు, శుభ్రమైన చేతులతో, కొద్దిగా నూనె రాసుకుని బొటనవేళ్లను 3 నుంచి 4 సెంటీమీటర్లు యోని లోపలికి పెట్టి కిందికి, పక్కలకు నెమ్మదిగా సాగదీస్తూ ఐదు నిమిషాలు మర్దన చేసుకోండి. తొలి కాన్పు తల్లుల్లో దీనివల్ల కుట్లు పడే అవసరం కొంత తగ్గుతుందని తేలింది. మాయ కిందికి ఉన్నా, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ఉన్నా, ఉమ్మనీరు పోయినా చేయకూడదు కనుక ముందు మీ డాక్టరును అడగండి. ముక్కే దశలో గోరువెచ్చని తడి గుడ్డ అక్కడ ఆనించి ఉంచమని కూడా అడగవచ్చు.

అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే అని తేలింది కాబట్టి ఆ సలహా ఇచ్చేది ఆమె ఒక్కరే కాదు. సిజేరియన్‌తో ఈ గాయం తప్పుతుంది, నిజమే. కానీ అది పొట్ట మీద పెద్ద ఆపరేషన్, పైగా తర్వాతి గర్భాల్లో మాయ పాత కుట్టుకు అతుక్కుపోయే ప్రమాదాన్ని పెంచుతుంది. వచ్చే పరీక్షకు వెళ్లినప్పుడు మీ డాక్టరును నేరుగా అడగండి: పరికరం అవసరమైతే ఏది వాడతారు, కోత ఏ కోణంలో వేస్తారు, బిడ్డ పుట్టాక మలద్వారంలో వేలితో పరీక్షించి కండరం చెక్కుచెదరలేదని చూస్తారా? ఈ చివరి పరీక్ష చేయకపోతే గాయం కంటికి కనిపించకుండానే పైన కుట్లు పడిపోవచ్చు. పరికరంతో కాన్పు జరిగాక వీలైనంత త్వరగా ఒక్క మోతాదు యాంటీబయాటిక్ సూదిమందు ఇస్తే ఇన్ఫెక్షన్లు నూటికి 19 నుంచి 11కు తగ్గాయని 2019లో వెలువడిన బ్రిటన్ పరిశోధన చూపింది. దాన్ని గురించీ అడగండి.

ప్రశ్న: మేడమ్, నాకు తొలి కాన్పులో ఫోర్సెప్స్ వాడినప్పుడు మూడో స్థాయి చీలిక వచ్చింది. ఇప్పుడు రెండో నెల. మళ్లీ మామూలు కాన్పుకు వెళ్లవచ్చా?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సరిగ్గా కుట్టిన తర్వాత ఏడాదికి నూటికి 60 నుంచి 80 మందికి ఏ ఇబ్బందీ మిగలదు. మళ్లీ అటువంటి చీలిక రావడం నూటికి 5 నుంచి 7 మందిలోనే. కాబట్టి ఇబ్బంది లేకపోతే మామూలు కాన్పుకు అడ్డేమీ లేదు. గ్యాస్ గానీ మలం గానీ ఆపుకోలేకపోవడం, హఠాత్తుగా పరుగెత్తవలసి రావడం ఉంటే మాత్రం సిగ్గుపడకుండా చెప్పండి. అప్పుడు మలద్వార కండరానికి అల్ట్రాసౌండ్ చేయించి, సిజేరియన్ మంచిదేమో మీతో కలిసి నిర్ణయిస్తారు. జగిత్యాల సోదరి అక్కయ్య కూడా రెండేళ్లు గడిచాయని ఊరుకోకుండా వెళ్లాలి, కటి కండరాలకు ఫిజియోథెరపీ నేర్పించే నిపుణుల సాయంతో ఇప్పటికీ మెరుగు కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు తొలి కాన్పు డిశ్చార్జి కాగితం మరచిపోవద్దు, చీలిక ఏ స్థాయిదో, ఎలా కుట్టారో అందులోనే రాసి ఉంటుంది.