పెట్ స్కాన్‌లో ఏమీ లేదన్నారు, తలనొప్పి మాత్రం తగ్గడం లేదు: సమాధానం

మీ అక్కగారిది హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్ (కణాలపై హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం) అని, క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో వెతికే పెట్-సీటీ స్కాన్ రిపోర్టులో మెదడు ఊసే లేదని, అయినా పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు వస్తున్నాయని రాశారు; అమైనో ఆమ్లాల పెట్ స్కాన్ గురించీ అడిగారు. క్యాన్సర్ మెదడుకు పాకి ఉండొచ్చు, ఆ స్కాన్ చూసి నిశ్చింతగా ఉండకండి.

ముందు రిపోర్టులో స్కాన్ ఎలా తీశారో చెప్పే పేరా చదవండి. పుర్రె అడుగు నుంచి తొడ మధ్య వరకు అని ఉంటే, అసలు మెదడును తీయనే లేదు. చాలాచోట్ల మామూలుగా తీసేది అంతవరకే. తల కూడా తీసి ఉన్నా పూర్తిగా నమ్మలేం. ఈ స్కాన్ కోసం ఒంట్లోకి ఎక్కించే ఎఫ్‌డీజీ అంటే రేడియోధార్మిక ఫ్లోరిన్-18 చేర్చిన గ్లూకోజు లాంటి పదార్థం. ఆరోగ్యంగా ఉన్న మెదడే గ్లూకోజును విపరీతంగా వాడుకుంటుంది కనుక తెరమీద అంతా వెలిగిపోతుంది. పట్టపగలు దీపంలా చిన్న గడ్డ అందులో కలిసిపోతుంది.

ఇప్పుడు కావలసింది గాడోలినియం కాంట్రాస్టుతో (గడ్డలు స్పష్టంగా కనబడేలా ఎక్కించే మందుతో) మెదడు ఎంఆర్‌ఐ. కొన్ని మిల్లీమీటర్ల మచ్చ కూడా అందులో దొరుకుతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు వెంట ఉంచుకోండి, పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. హెర్2 పాజిటివ్ రకం మెదడుకు పాకే అవకాశం ఎక్కువ, కాబట్టి ఈరోజే ఆంకాలజిస్టుకు ఫోను చేయండి. మూర్ఛ వచ్చినా, చేయో కాలో పట్టు తప్పినా నేరుగా ఎమర్జెన్సీకే.

మీరు అడిగిన అమైనో ఆమ్లాల పెట్ (గ్లూకోజు లాంటిదానికి బదులు అమైనో ఆమ్లం లాంటి పదార్థం ఎక్కించి తీసేది) మంచిదే, కానీ దాని సమయం వేరు. మెదడుకు రేడియేషన్ ఇచ్చాక ఎంఆర్‌ఐలో మచ్చ పెరిగితే, అది తిరగబెట్టిన క్యాన్సరా, రేడియేషన్‌కు చచ్చిన కణజాలమా అని తేల్చుకోవడానికి పనికొస్తుంది. ఇప్పుడే దానికోసం డబ్బూ రోజులూ పోగొట్టుకోకండి.