తిరుపతి నుంచి పిల్లలు, పెద్దవాళ్లతో తలకోనకు ఒక్కరోజులో వెళ్లి రావచ్చా?

హాయిగా రావచ్చు. తలకోన జలపాతం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోనే ఉంది. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. మధ్యలో ఘాట్ ఉంది కాబట్టి, కార్లో కడుపు తిప్పే పిల్లలకు ఇడ్లీ తక్కువగానే పెట్టండి.

వెళ్లేది అక్టోబరు నుంచి జనవరి లోపు. జలపాతం ఎత్తు దాదాపు 270 అడుగులు. ఎండాకాలంలో వెళ్తే మాత్రం బండ మీద సన్నటి ధారే కనిపించొచ్చు.

సిద్ధేశ్వరస్వామి గుడి దాటాక నడకే. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను పైదాకా తీసుకెళ్లాలని పట్టుబట్టకండి, గుడి దగ్గర ఎవరో ఒకరు తోడుంటే చాలు. దారిలో గిల్లతీగ చూపించండి: బాగా లావుగా మెలికలు తిరిగి, చెట్ల మీదుగా పాకుతూ పోతుంది. మా పిల్లలు జలపాతం కన్నా దాని దగ్గరే ఎక్కువసేపు ఆగారు!

కోతులతో జాగ్రత్త. పులిహోర డబ్బా సంచిలోంచి తీయడమే ఆలస్యం, లాక్కుపోతాయి. ఇక మడుగు దగ్గర బండలు పాకుడు పట్టి జారతాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. ఈతకైతే అసలు దిగనివ్వకండి. చీకటి పడకముందే ఘాట్ దిగేలా బయల్దేరండి.