మాగాయ ఊట దగ్గర మొదలుపెట్టు

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పలాస నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కణం చుట్టూ ఉండే పలచని పొర, అదే కణత్వచం, దాన్ని దాటి పదార్థాలు ఎలా వస్తాయో, ఎలా పోతాయో తెలుగులో చెప్పాలని పూనుకున్నావు. నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

"ద్రవాభిసరణం అనగా" అని మొదలుపెట్టావు. అది పరీక్ష పేపరు దిద్దే మాస్టారి కోసం రాసే వాక్యం. నీ పాఠకులు ఆ మాట వినకముందే ద్రవాభిసరణాన్ని కళ్ళతో చూశారు. మీ అమ్మగారు మాగాయకి మామిడి ముక్కలు కోసి, నౌపడ ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడతారు కదా. చుక్క నీళ్ళు పొయ్యరు. మూడో రోజుకి ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఆ నీరు ముక్కలోని కణాలది. బయట ఉప్పు ఎక్కువైంది కాబట్టి త్వచం దాటి అటు వచ్చేసింది. ద్రవాభిసరణం అంటే అదే. మరి ముక్కకి ఉప్పు ఎలా పట్టింది? కణం బతికున్నంతసేపూ త్వచం ఉప్పుని అంత తేలిగ్గా రానివ్వదు. కణం చచ్చాక ఆ అడ్డు పోతుంది, ఉప్పు లోపలికి ఇంకుతుంది. నీ మొదటి పేరా ఈ జాడీ దగ్గరే ఉంది.

ఏ వాక్యం రాసినా, ఏది ఎటు కదులుతోంది, ఆ కదలికకి అయ్యే శక్తి ఖర్చు ఎవరు పెడుతున్నారు అని అడుగు. "పదార్థముల రవాణా జరుగును" అన్న నీ వాక్యంలో ఈ రెండిటికీ జవాబు లేదు. పైగా గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో ఉండి "జరుగును" అని రాయకమ్మా.

ఇక ఆ వాచ్‌మన్ పోలిక. త్వచం ఎవరిని రానివ్వాలో ఆలోచించి నిర్ణయిస్తుందని రాశావు. దానికి ఆలోచన లేదు. మిల్లీమీటరుని లక్ష భాగాలు చేస్తే వచ్చే ఒక్క భాగం కన్నా పలచన, రెండు వరసల కొవ్వు అణువులు, మధ్య మధ్య ప్రోటీన్లు, అంతే. ఆక్సిజన్ ఆ కొవ్వులో కరిగి దాటిపోతుంది. సోడియం అయానుకి విద్యుదావేశం ఉంది, చుట్టూ నీటి అణువులు అంటుకుని ఉంటాయి, వాటిని వదిలి కొవ్వులోకి దిగలేదు. నీరు కొద్దికొద్దిగా జారగలదు గానీ, వడిగా పోవడానికి దానికి ప్రోటీన్ దారులే ఉన్నాయి. 1992లో పీటర్ ఆగ్రి బృందం చూపించింది వాటినే. ఏ వాచ్‌మన్ కన్నా ఈ నిజమే అందంగా లేదూ?

ఖర్చు సంగతి నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. 1957లో డెన్మార్క్‌లో జెన్స్ స్కౌ పీత కాళ్ళలోని నరాలు తీసి పరీక్షించి, త్వచంలో పంపులా తోడే ప్రోటీన్‌ని, సోడియం పొటాషియం పంపుని, పట్టుకున్నాడు. కళింగపట్నంలో పీతలు కొనేవాళ్ళకి ఈ మాట చెప్పి చూడు, ఎలా వింటారో! ఆ పంపు మూడు సోడియంలని బయటికి నెట్టి, రెండు పొటాషియంలని లోపలికి తెస్తుంది. ప్రతిసారీ ఒక ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు, ఖర్చవుతుంది. 1929లో కండరంలో ఆ ఏటీపీని కనుక్కున్నవాళ్ళలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.

పంపు అలా తోడుతూ ఉండబట్టే కణం లోపల సోడియం తక్కువగా ఉంటుంది. పేగు కణాల్లో ఒక ప్రోటీన్ ఈ తేడాని వాడుకుని రెండు సోడియంలతో పాటు ఒక గ్లూకోజుని లోపలికి తెస్తుంది. వాటి వెనకే నీరు. కలరా వచ్చినా ఈ దారి మూసుకుపోదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి ఎంతోమందిని బతికించింది ఈ దారినే. ఆ ఉప్పు, గ్లూకోజు కలిసిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ప్రతి ఇంట్లో తెలిసిందే, నీ వ్యాసంలో మాత్రం లేదు.

అది రాసేటప్పుడు జాగ్రత్త. చాలా ఏళ్ళ కిందట ఇంట్లో కలుపుకునే పద్ధతి రాస్తూ, లీటరు నీళ్ళు అనాల్సిన చోట గ్లాసు నీళ్ళు అని రాశాను. అచ్చయిపోయింది. మా పక్క ఊరి నర్సమ్మ ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చింది. "మాస్టారూ, ఇలాగ కలిపితే పిల్లడి ఒంట్లో నీరు ఇంకా బయటికి లాగేస్తాది కదా" అంది. మాగాయ జాడీలో జరిగేదే పిల్లవాడి పేగులో జరుగుతుందని నాకు అప్పుడు అర్థమైంది. సవరణ వేయించాను. మొదటిది చదివినవాళ్ళందరూ సవరణ చూశారో లేదోనన్న టెన్షన్ నాకు ఇప్పటికీ పోలేదు.

లీటరు మంచినీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తల కొట్టి కొలవాలి. ఆ పేరా రాశాక నాకు పంపే ముందు మీ ఊరి ఆశా కార్యకర్తకి చదివి వినిపించు. ఆవిడ ఏమందో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు