మాక్రోతో కాలమ్‌లు కలిపితే ఇంటి నంబర్లు తేదీలుగా ఎందుకు మారుతున్నాయి?

వార్డు ఎ కాలమ్‌లో, బ్లాకు బిలో, ఇంటి నంబరు సిలో ఉన్నాయి. ఎక్సెల్ మాక్రోతో, అంటే ఎక్సెల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్‌తో, మూడూ కలిపి డిలో 5-9-22 లాగా రాయిస్తే కొన్ని వరుసలు తేదీలైపోతున్నాయి. ఇదీ మీ ప్రశ్న. కలపడంలో తప్పేమీ లేదు. కలిపినదాన్ని సెల్‌లో పెట్టే ఆ ఒక్క లైను దగ్గరే తేడా కొడుతోంది.

జనరల్ ఫార్మాట్‌లో ఉన్న సెల్, మాక్రో ఇచ్చిన అక్షరాలను కూడా చేత్తో టైప్ చేసినట్టే చదువుకుంటుంది. తేదీలా కనిపిస్తే తేదీ చేసేస్తుంది. పైగా మీ కంప్యూటర్‌లో రోజు-నెల వరుస ఉన్నా, మాక్రో నుంచి వచ్చినదాన్ని ముందు అమెరికా పద్ధతిలో నెల-రోజుగా చూస్తుంది. అలా 5-9-22 కాస్తా 2022 మే 9 అయి కూర్చుంటుంది. 5-45-22కి ఎటు చూసినా తేదీ కుదరదు గనక అది అలాగే మిగులుతుంది. అందుకే అన్నీ కాకుండా కొన్నే పాడవుతున్నాయి. పాడయ్యాక డి కాలమ్‌ను టెక్స్ట్‌కి మారిస్తే ఆ తేదీకి ఎక్సెల్ లోపల దాచుకునే 44690 అనే అంకె బయటపడుతుంది తప్ప ఇంటి నంబరు తిరిగి రాదు. టెక్స్ట్ ఫార్మాట్ ముందు పెట్టాలి, ఆ తర్వాతే రాయాలి.

ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి, ఇన్సర్ట్ మెనూలో మాడ్యూల్ తెరవండి. కోడ్ పదాలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, అక్కడ ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. మొదట చివరి వరుస కనుక్కోండి: ఎ కాలమ్ అట్టడుగు సెల్ నుంచి ఎండ్‌కు ఎక్స్‌ఎల్‌అప్ ఇచ్చి పైకి రావాలి. పైనుంచి ఎక్స్‌ఎల్‌డౌన్‌తో దిగితే మధ్యలో మొదటి ఖాళీ దగ్గరే ఆగిపోతుంది. వరుస సంఖ్య పెట్టుకునే వేరియబుల్ లాంగ్ (పెద్ద సంఖ్యలు పట్టే రకం) అయి ఉండాలి. ఇంటిజర్ అయితే 32,767 దాటగానే ఓవర్‌ఫ్లో అంటూ ఎర్రర్ 6 వస్తుంది. తర్వాత డి2 నుంచి చివరి వరుస దాకా నంబర్‌ఫార్మాట్‌ను "@" (అంటే టెక్స్ట్) చేయండి. మీ కోడ్‌లో లేనిది ఈ ఒక్క లైనే.

ఇక 2 నుంచి చివరి వరుస దాకా ఫర్ లూప్. ముక్కలను & గుర్తుతో అతకండి, + వద్దు. సెల్‌లో 5 అంకెగా ఉంటే దానికి గీతను + తో కూడబోయి టైప్ మిస్‌మ్యాచ్, ఎర్రర్ 13 ఇస్తుంది. బ్లాకు ఖాళీగా ఉన్న చోట 5--22 రాకుండా, ముక్క ఖాళీ కాకపోతేనే గీత చేర్చేలా ఇఫ్ పెట్టండి. లుకప్ ఫార్ములా వెతికింది దొరక్క #ఎన్/ఎ చూపిస్తున్న సెల్ తగిలినా అదే ఎర్రర్ 13. ముందే ఈజ్‌ఎర్రర్‌తో చూసి దాటేయండి.

వార్డు 05 అని కనిపిస్తూ కలిపాక 5 అయితే, సున్నా సెల్‌లో లేదు, ఫార్మాట్‌లో మాత్రమే ఉంది. వాల్యూకి బదులు టెక్స్ట్ ప్రాపర్టీ వాడమంటారు కొందరు. కాలమ్ ఇరుకుగా ఉంటే అది #### నే తెచ్చి అతికిస్తుంది. ఫార్మాట్ ఫంక్షన్‌కి "00" ఇవ్వడం మేలు. వెబ్‌పేజీ నుంచి కాపీ చేసిన డేటాలో ట్రిమ్‌కి లొంగని ఖాళీలుంటాయి. వాటి కోడ్ 160. రీప్లేస్‌తో ముందే తీసేయండి.

"ఇంటి నం." లాంటి తెలుగు మాట ముందు చేర్చాలనుకుంటే మాడ్యూల్‌లో నేరుగా టైప్ చేయకండి, ప్రశ్నార్థకాలై పోతుంది. హెచ్1లో రాసిపెట్టి అక్కడి నుంచి చదివించండి. సెల్స్‌లో ఉన్న తెలుగు మాత్రం చెక్కుచెదరదు.

మాక్రో నడిచాక కంట్రోల్ జడ్ పనిచేయదు. ఫైలు కాపీ మీదే ప్రయత్నించండి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేస్తే మాక్రో పోతుంది, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గా చేయాలి.

ఒక్కసారి పనే అయితే, ఎక్సెల్ 2019 గానీ ఆ తర్వాతిది గానీ ఉంటే, నన్నడిగితే మాక్రో అక్కర్లేదు. టెక్స్ట్‌జాయిన్ ఫార్ములాకి గీత, ట్రూ, ఎ2:సి2 ఇస్తే ఖాళీలను అదే వదిలేస్తుంది. ఫార్ములా ఇచ్చిన టెక్స్ట్ తేదీగా మారదు కూడా. అయితే ఏ దారిన కలిపినా, ఫైలును సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసి డబుల్ క్లిక్‌తో తెరిస్తే మళ్లీ తేదీయే ప్రత్యక్షమవుతుంది. దాన్ని డేటా ట్యాబ్ ద్వారా, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకుని ఇంపోర్ట్ చేసుకోవాలి.